‘ఎంబీఏ ఎందుకు?’ అని అడిగే గదిలో పంతొమ్మిదేళ్ళు

ఇంటర్వ్యూలకి మనుషుల్ని తయారుచేసే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరు ఈమధ్య నన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చారు. “మేడమ్, మీ పాత మెటీరియల్ ఉంటే ఇస్తారా?” అని అడిగారు. మెటీరియల్ అంతా పాత పేపర్లవాడికి వేసేశానని చెప్తే వాళ్ళ మొహాలు చూడాలి! కాఫీ ఇచ్చి పంపించాను గానీ మనసులో కాస్త బాధగానే అనిపించింది. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో ఎలా కూర్చోవాలి, చెయ్యి ఎలా కలపాలి లాంటివి ఉండవు. అవి వాళ్ళకి నాకంటే బాగా వచ్చు.

స్టెనో కుర్చీలోంచి

మాది తెనాలి. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక ఒక ప్రభుత్వ కార్పొరేషన్‌లో పదకొండేళ్ళు స్టెనోగా చేశాను. తెలుగు, ఇంగ్లీషు రెండు షార్ట్‌హ్యాండ్‌లూ వచ్చు. ఆఫీసరు చెప్పింది గీతల్లో రాసుకుని వచ్చి టైపు కొట్టాలి. అంతవరకే అయితే పేచీ లేదు. మా ఆఫీసర్లు చెప్పే వాక్యాలకి మొదలెక్కడో చివరెక్కడో వాళ్ళకే తెలిసేది కాదు. నేను వాటిని చక్కగా సరిచేసి టైపు కొట్టి పెడితే, సంతకం చేస్తూ “బాగా చెప్పానే!” అని మురిసిపోయేవాళ్ళు. నేను తలూపేదాన్ని.

ముప్పై ఆరో ఏట ఒకరోజు బస్సులో కూర్చుని లెక్క చూసుకుంటే, ఇన్నేళ్ళలో నా మాట అంటూ ఒక్కటి కాగితం మీద లేదని తోచింది. భయమేసింది. అప్పటికి పంజగుట్టలో ఒక కాలేజీ ఉద్యోగస్తుల కోసం సాయంత్రం ఎంబీఏ నడుపుతోంది. మా ఆయనకి చెప్తే “ఇప్పుడు చదివి ఏం చేస్తావే?” అన్నారు. “ఏదో ఒకటి చేస్తాలెండి” అన్నాను. నాకూ తెలియదు మరి.

అక్కడ ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చుని, ఎందుకు చదవాలనుకుంటున్నారని అడిగారు. “ఒకళ్ళు చెప్పింది రాసి రాసి విసుగొచ్చిందండీ” అన్నాను. ముగ్గురూ నవ్వారు. సీటిచ్చారు. ఆఫీసు నుంచి నేరుగా క్లాసుకి, క్లాసు నుంచి నిలబడే చోటు లేని బస్సులో ఇంటికి, ఇలా మూడేళ్ళు. నాతో చదివిన బ్యాంకు గుమాస్తాలు, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు అందరూ నన్ను అక్కా అనే పిలిచేవాళ్ళు. ఆ మూడేళ్ళూ నా జీవితంలో చాలా సంతోషంగా గడిచాయి. పరీక్షలప్పుడు మా ఆయనే వంట చేశారు, ఆ రుచి గురించి ఇక్కడ రాయడం భావ్యం కాదు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను ఉన్నమాట చెప్పి సీటు తెచ్చుకున్న మనిషిని. తీరా ఉద్యోగం వచ్చాక ఏళ్ళ తరబడి ఇతరులకి లేనిమాటలు నేర్పాను.

ప్రభాకర్ సారూ, పచ్చ ఫైలూ

నాకు ఉద్యోగం ఇచ్చింది ప్రభాకర్ గారు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్ మీద మూడో అంతస్తులో ఎంబీఏ ప్రవేశ పరీక్షలకి కోచింగ్ పెట్టారు. ఐటీ జోరు మీదున్న రోజులవి. ఆ వీధిలో ఏ బోర్డు చూసినా జావా, ఒరాకిల్. బస్సు దిగిన మనిషి మా మెట్లెక్కేలోపు చేతిలో పది కరపత్రాలు పడేవి. అందరూ సాఫ్ట్‌వేర్ నేర్పుతుంటే, సాఫ్ట్‌వేర్ నచ్చనివాళ్ళూ, అది రానివాళ్ళూ, వేరే పనుల్లో ఇరుక్కుపోయినవాళ్ళూ మా దగ్గరికి వచ్చేవాళ్ళు. లెక్కలు సార్ చెప్పేవారు. ఇంటర్వ్యూ గది నాది.

ప్రభాకర్ గారికి కోపం ముక్కు మీదే ఉండేది, అది దిగడానికి ఒక చాయ్ చాలు. నేను చేరిన నెలలో ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు. ఎంబీఏ ఎందుకయ్యా అంటే “మా రూమ్‌లో ముగ్గురు చేరారు మేడమ్” అన్నాడు. ఏడాది ఏదైనా ఉద్యోగం చేసి, అప్పటికీ కావాలనిపిస్తే రమ్మని పంపించేశాను. సార్‌కి తెలిసింది.

“మేడమ్, గిది దుకానం. గిరాకి వచ్చి చక్కెర అడుగుతడు. నీకు షుగర్ ఉన్నదా అని మనం అడుగుతమా?”

“అడగాలి కదండీ” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి చాయ్ తెప్పించారు. ఆ కుర్రాడు మళ్ళీ రాలేదు. సార్ ఆ సంగతి పదేళ్ళు ఎత్తిపొడుస్తూనే ఉన్నారు.

మా సంస్థకి పచ్చ అట్ట ఫైలు ఒకటుండేది. అందులో ‘ఎంబీఏ ఎందుకు?’ అన్న ప్రశ్నకి నలభై ఇంగ్లీషు జవాబులు. సగం నేను చేరకముందే ఉన్నాయి, మిగతా సగం నేను రాసినవే. మనిషిని బట్టి ఒక జవాబు తీసి, ఊరూ పేరూ మార్చి, కంఠతా పట్టించేవాళ్ళం. ఎంత బాగా రాసేదాన్నంటే, నాకే ముచ్చటేసేది. స్టెనోగా అలవాటైన పనే కదా.

మూతపడిన కిరాణా కొట్టు

ఆ ఫైల్లో నాకు బాగా ఇష్టమైన జవాబు బాబాయి కొట్టుది. “మా బాబాయి కిరాణా కొట్టు నిర్వహణ తెలియక మూతపడింది. అది కళ్ళారా చూశాను. అందుకే మేనేజ్‌మెంట్ చదవాలనుకున్నాను” అని. వినేవాళ్ళ మనసు కరిగేలా రాశాను. ఒక ఏడు ఒకే కాలేజీకి, ఒకే రోజు మావాళ్ళు ముగ్గురు వెళ్తున్న సంగతి చూసుకోకుండా ముగ్గురికీ అదే ఇచ్చాను.

మూడో అమ్మాయిది భీమవరం. సాయంత్రం తిరిగొచ్చి కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే.

“ఏంటమ్మా, ఏమైంది?”

“మేడమ్, అక్కడ పెద్దాయన కళ్ళజోడు తీసి నన్నే చూశారండి. ‘మీ బాబాయిది కూడా కిరాణా కొట్టేనామ్మా? పొద్దుట్నుంచి అది మూతపడడం ఇది మూడోసారి’ అన్నారండి!”

ముగ్గురికీ ఆ కాలేజీలో సీటు రాలేదు. అదృష్టం బాగుండి వేరేచోట్ల వచ్చాయి కాబట్టి మేమందరం నవ్వుకోగలిగాం. ప్రభాకర్ గారైతే వారం పాటు నన్ను “మీ బాబాయి మంచిగున్నడా?” అని పలకరించారు.

ఇక్కడే నేను అసలు తప్పు చేశాను. జవాబులు రాసివ్వడం మానాలని నాకు తోచలేదు. ఒకరికి బాబాయి కొట్టు, ఒకరికి పిన్ని కుట్టు సెంటరు, ఒకరికి పక్కింటివాళ్ళ హోటలు అని వేరువేరుగా రాసివ్వడం మొదలుపెట్టాను. ఎవరికి ఏది ఇచ్చానో పట్టిక కూడా పెట్టుకున్నాను. తెలివైన దాన్నని అనుకున్నాను.

యాదగిరి

ఆ తర్వాతి ఏడాది యాదగిరి వచ్చాడు. సనత్‌నగర్‌లో ఇనుప విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. ముప్పై నాలుగేళ్ళు. డిగ్రీ దూరవిద్యలో చేశాడు. ఉద్యోగం మానకుండా సాయంత్రం ఎంబీఏ చదవాలని అతని కోరిక. అలాంటి కాలేజీలు మాకు తెలిసినవి రెండే. నా రోజుల్లో లేని నిబంధన ఒకటి అప్పటికి వచ్చింది, రెండింట్లోనూ ముప్పై అయిదు నిండితే తీసుకునేవాళ్ళు కాదు. అంటే అతనికి అదే ఆఖరి ఏడు. రాత పరీక్ష గట్టెక్కాడు. ఇంటర్వ్యూ కోసం నా గదికి పంపించారు.

ఎంబీఏ ఎందుకని అడిగాను. మొదటిరోజు ఎవరేం చెప్పినా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోవడం నా అలవాటు. యాదగిరి బల్ల వైపు చూస్తూ ఆగకుండా చెప్పాడు.

“మా ప్రెస్ షాపుల, ఇనుము ఒత్తే మిషన్ల కాడ, సత్తన్న అని ఉన్నడు మేడమ్. నాకన్న పదేండ్లు పెద్ద. గా రోజు ఒక షిఫ్టు చేసి దిగిండు. అర్జంట్ ఆర్డరొచ్చింది, మనుషులు లేరు. ‘రెండో షిఫ్టు సుత చెయ్యి సత్తన్నా’ అన్న. ‘ఇయ్యాల వద్దు తమ్మీ, కండ్లు మూతలు పడుతున్నయ్’ అన్నడు. ‘ఒక్క రోజే గద’ అని నేనన్న. రిజిస్టర్ల పేరు నేనే రాసిన. ప్రెస్ కింద కుడి చెయ్యి పడ్డది. రెండు వేళ్ళు పోయినయ్. మాల్ మాత్రం టైముకు పోయింది. సేటు నన్ను శబాష్ అన్నడు. మాల్ సుత టైముకు పోవాలె, మనిషి సుత నిమ్మలంగ ఇంటికి పోవాలె. గీ రెండు ఎట్లయితయో చెప్పేటోళ్ళు మా కంపెనీల ఎవ్వరు లేరు మేడమ్. గది నేర్చుకుందామని వచ్చిన.”

నేను ఇదంతా రాసుకున్నాను. మర్నాటికి దాన్ని సరిచేసి ఇంగ్లీషులో జవాబు తయారుచేశాను. పారిశ్రామిక రంగంలో నా పన్నెండేళ్ళ అనుభవానికి మేనేజ్‌మెంట్ దృక్పథాన్ని జోడించి, నాయకత్వ లక్షణాలను పెంపొందించుకుని, సంస్థ అభివృద్ధికి తోడ్పడాలని నా ఆకాంక్ష. ఇదీ దాని సారాంశం. యాదగిరి రెండుసార్లు చదువుకున్నాడు.

“మేడమ్, గీండ్ల సత్తన్న లేడు గద?”

“ప్రమాదం మాటెత్తితే తప్పు మీదే అనుకుంటారండీ యాదగిరి గారూ.”

“తప్పు నాదే గద మేడమ్.”

“మీరు అక్కడికి తప్పు ఒప్పుకోవడానికి వెళ్తున్నారా, సీటు కోసం వెళ్తున్నారా?”

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ మాట నేను అన్నానని రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది. అతను వారం రోజులు షిఫ్టు దిగి, చేతులకి నూనె మరకలతోనే వచ్చి, ఆ ఆరు వాక్యాలు బట్టీ పట్టాడు. ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. నేను సంతోషించాను.

మొదటి కాలేజీలో ఇంటర్వ్యూ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. జవాబంతా గడగడా చెప్పాడట. అక్కడి ప్రొఫెసరు చాలా బాగుందని మెచ్చుకుని, నాయకత్వం అన్నారు కదా, మీ ఫ్యాక్టరీలో మీకు ఎదురైన ఒక సందర్భం చెప్పండి అని అడిగారట. యాదగిరికి చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే సందర్భం. దాన్ని ఎత్తొద్దని నేను చెప్పి పంపించాను. నోరు మూసుకుని కూర్చుని, లేచి వచ్చేశాడు.

అతను నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

“మీరు రాసింది మంచిగనే ఉండె మేడమ్. నేనే మధ్యల ఆగిపోయిన” అన్నాడు.

ఆ రోజు మొదటిసారి నా పని మీద నాకే అసహ్యం వేసింది. పదకొండేళ్ళు ఆఫీసర్ల వాక్యాలు సరిచేశాను, నష్టమేమీ లేదు. వాళ్ళ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఈ మనిషి దగ్గర ఉన్నది ఒకే ఒక్క నిజమైన సంగతి. నేను సరిచేసే ధోరణిలో దాన్ని పూర్తిగా కొట్టేశాను.

చదివి వినిపించడం

రెండో కాలేజీ పంజగుట్టది, నేను చదివిందే. ఇంటర్వ్యూకి ఇంకా నాలుగు రోజులుంది. యాదగిరి రావడమే మానేస్తాడేమో అనుకున్నాను గానీ, మర్నాడు మామూలుగానే వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడేం చెప్పమంటారు మేడమ్ అన్నట్టు చూశాడు.

నేను పచ్చ ఫైలు తియ్యలేదు. షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసి, మొదటిరోజు అతను చెప్పింది చెప్పినట్టుగా చదివాను. కృష్ణా గుంటూరు యాసలో పెరిగిన నోటికి ‘గీండ్ల’, ‘నిమ్మలంగ’ తిన్నగా తిరగలేదు. అయినా ఒక్క మాట మార్చలేదు. ‘కండ్లు మూతలు పడుతున్నయ్’ దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపాను. నీళ్ళు తాగి, మిగతాది చదివాను.

యాదగిరి కళ్ళు తుడుచుకున్నాడు.

“గిట్ల చెప్పిననా మేడమ్ నేను?”

“ఒక్క అక్షరం కూడా మార్చలేదండీ.”

“మంచిగనే చెప్పిన గద!” అన్నాడు ఆశ్చర్యంగా. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

తలెత్తి చూస్తే గుమ్మంలో ప్రభాకర్ గారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలియదు. దుకానం సంగతి ఎత్తుతారనుకున్నాను.

“మేడమ్, గిదే చెప్పనియ్యిండ్రి. మన ఫైలుల గిసొంటిది ఒక్కటన్న ఉన్నదా?” అని, యాదగిరి భుజం తట్టి వెళ్ళిపోయారు. ఆ మనిషి మీద నాకు గౌరవం ఎందుకో చెప్పడానికి ఇలాంటివి చాలా ఉన్నాయి.

ఇంగ్లీషు సంగతేం చెయ్యాలని మాట్లాడుకున్నాం. మొదలు ఇంగ్లీషులో పెట్టి, అందకపోతే అడిగి తెలుగులో చెప్పాలని అనుకున్నాం. ఆ నాలుగు రోజులూ నేను అతనికి నేర్పింది అంతే. అడిగినదానికి అతను చెప్పడం, నేను వినడం. వింటూ ఊరుకోవడం నాకెంత కష్టమైందో మా ఆయనకి తెలుసు, ఇంటికెళ్ళి ఆ మాటలన్నీ ఆయన మీద కుమ్మరించేదాన్ని.

ఇంటర్వ్యూ రోజున సార్‌తో చెప్పి నేనూ పంజగుట్ట వెళ్ళాను. అంతకుముందెప్పుడూ ఎవరికోసమూ అలా వెళ్ళలేదు. చౌరస్తా దాటాక బస్టాపులో గంటన్నర నిలబడ్డాను. యాదగిరి ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసిపోయి రోడ్డు దాటి వచ్చాడు.

“ఇంగ్లీషులనే షురూ చేసిన మేడమ్. సత్తన్న కాడికి వచ్చెటాలకు తెలుగుల పడ్డ. ఎవ్వరు ఆపలే.”

“తర్వాత? ఏమైనా అడిగారా?”

“ఒక సార్ అడిగిండు. ‘ఆ రోజు మేనేజర్ కుర్చీలో నువ్వే ఉంటే ఏం చేసేవాడివి?’ అన్నడు.”

“మీరేమన్నారు?”

“తెల్వది సార్ అన్న. తెలిస్తే ఈడికెందుకొస్త అన్న.”

ఏ జవాబైనా చెప్పండి, తెలియదని మాత్రం అనకండి అని నేను కొన్ని వందలమందికి నేర్పాను. అయిపోయింది, ఆఖరి అవకాశం కూడా పోయింది అనుకున్నాను. మొహం దాచుకోవడానికి బస్సు కోసం చూస్తున్నట్టు అటు తిరిగాను. చివరికి అతనే నన్ను ఓదార్చాడు. “ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. ఇయ్యాల నా మాట నేను చెప్పిన” అని సనత్‌నగర్ బస్సెక్కి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత జాబితా పెట్టారు. అందులో యాదగిరి పేరుంది.

ఇప్పుడు చేరేవాళ్ళకి

ఎంబీఏ చదివితే మనసుకి నచ్చిన పని దొరుకుతుందా అని నన్ను చాలామంది అడిగారు. డిగ్రీ ఆ పని చెయ్యదు. నాతో చదివినవాళ్ళలో కొందరు పెద్ద జీతాలతో పాత విసుగునే కొత్త ఆఫీసుకి మోసుకెళ్ళారు. మీ దగ్గరికి వచ్చినవాళ్ళని ఎంబీఏ ఎందుకని ముందే అడక్కండి. నిన్న పనిలో ఏం చేశావని అడగండి. అందులో ఎక్కడో వాళ్ళ గొంతు మారుతుంది. అప్పుడు కలం కింద పెట్టి వినండి. వాళ్ళ వాక్యాలు బాగు చెయ్యాలని మీ చేతులు దురద పెడతాయి. నాకు రిటైరయ్యేదాకా పెట్టాయి. జవాబులు రాసిచ్చే వ్యాపారం తేలిక, మనిషి మాట వినే పని కష్టం, జీతం రెండింటికీ ఒకటే. అయినా రెండోదే చెయ్యండి.

యాదగిరి మూడేళ్ళలో చదువు పూర్తిచేశాడు. ఎక్కడో అద్దాల ఆఫీసుకి వెళ్ళలేదు. సనత్‌నగర్‌లోనే, కాస్త పెద్ద ఫ్యాక్టరీలో మనుషులూ షిఫ్టులూ చూసే పనిలో చేరాడు. ఇదేం మార్పని వాళ్ళ బావమరిది ఎగతాళి చేస్తాడట. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు, పిల్లల సంగతులు చెప్తాడు. నాకు మాత్రం సీటు వచ్చిన రోజు అతను మా మెట్లెక్కి వచ్చిన తీరే ఎక్కువ గుర్తొస్తుంది.

చేతిలో మిఠాయి డబ్బా, అందులో సగం ఖాళీ. ప్రభాకర్ గారు ఊరుకుంటారా! “ఏందయ్యా, సగం తోవలనే తినేసినవా?” అన్నారు.

“లేదు సార్. పొద్దుగాల సత్తన్న ఇంటికి పోయిన. ఫస్టు ఆయనకిచ్చిన.”

ప్రమాదం తర్వాత సత్తన్న ఎదుటికి అతను వెళ్ళడం అదే మొదటిసారని మాకు తెలుసు. ప్రభాకర్ గారు కుర్చీ లాగి అతన్ని కూర్చోమన్నారు. నేనే అడిగాను.

“ఏమన్నాడు సత్తన్న?”

యాదగిరి డబ్బా బల్ల మీద పెట్టాడు.

“ఎడమ చేత్తోని మిఠాయి తీసుకున్నడు మేడమ్. తిన్నడు. ‘జల్ది నేర్చుకో తమ్మీ, గాడ రెండో షిఫ్టు ఇంకా నడుస్తనే ఉన్నది’ అన్నడు.”